హిమాలయాల మట్టిపై రాజధాని
ఢిల్లీ అడుగున పొరల పటం సిద్ధం - వీధిదాకా చేరని సమాచారం

న్యూఢిల్లీ: 2025 ఫిబ్రవరి 17వ తేదీ తెల్లవారుజామున 5 గంటల 36 నిమిషాలకు దేశ రాజధాని ఉలిక్కిపడి లేచింది. ధౌలా కువాన్ ప్రాంతంలో, కేవలం 5 కిలోమీటర్ల లోతున పుట్టిన ఆ భూకంపం తీవ్రత రిక్టర్ స్కేలుపై 4 మాత్రమే. ప్రాణనష్టం జరగలేదు. అయినా భూమిలోంచి ఉరుము వంటి శబ్దం వినవచ్చేసరికి జనం పిల్లాపాపలతో వీధుల్లోకి పరుగులు తీశారు. భూకంప కేంద్రానికి దాపున ఉన్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరిట నడుస్తున్న ప్రత్యేక విద్యా కళాశాల. రాజమండ్రిలో పుట్టిన ఆ సంఘసేవకురాలి పేరే అక్కడి మెట్రో స్టేషన్‌కూ ఉంది.

చిన్న భూకంపమే కాబట్టి రెండు రోజుల్లో జనం దానిని మరచిపోయారు. కాని భూగర్భ శాస్త్రజ్ఞులను చిరకాలంగా వేధిస్తున్న ప్రశ్నను అది మరోసారి ముందుకు తెచ్చింది. ఢిల్లీ దేనిమీద నిలబడి ఉంది? ఒకే ప్రకంపన ఒక పేటలో గిన్నెలను కదిలించి ఊరుకుంటే, నాలుగు మైళ్ల దూరంలోని మరో పేటలో గోడలను బీటలు వార్చవచ్చు. ఈ తేడాకు కారణం చాలావరకు ఇళ్ల కింద కనబడకుండా ఉన్న మట్టి పొరలే. నీరు ఎక్కడ దొరుకుతుంది, ఎక్కడ ఉప్పగా ఉంటుంది, ఏ కాలనీ ఏటా ఎన్ని సెంటీమీటర్లు కుంగుతున్నది అనే ప్రశ్నలకు సైతం జవాబు ఆ పొరల్లోనే ఉంది.

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవారికి పునాది గురించి అంతగా బెంగ ఉండదు. పది, పదిహేను అడుగులు తవ్వేసరికి చాలాచోట్ల నల్లరాయి తగులుతుంది. భీమవరంలోనో కాకినాడలోనో కట్టుకునేవారి సంగతి వేరు. అక్కడ గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు ఎంత తవ్వినా తరగదు. ఢిల్లీ ప్రత్యేకత ఏమిటంటే ఈ రెండు రకాల నేలలూ ఒకే నగరంలో, కొన్నిచోట్ల ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఉన్నాయి.

గుట్టకు అటూ ఇటూ

ఆరావళి పర్వత శ్రేణి ఈశాన్య కొస ఢిల్లీలో ముగుస్తుంది. ‘రిడ్జ్’ అని స్థానికులు పిలిచే ఆ గుట్టల వరుస దక్షిణాన మెహ్రౌలీ, తుగ్లకాబాద్ నుంచి ఉత్తరాన వజీరాబాద్ వరకు నగరాన్ని చీలుస్తూ సాగుతుంది. ఇది క్వార్ట్జైట్ అనే అతి గట్టి రాయి. వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. రాష్ట్రపతి భవన్ నిలిచిన రైసినా గుట్ట దీనిలో భాగమే. షాజహాన్ చక్రవర్తి జామా మసీదును కట్టించింది కూడా భోజ్లా పహాడీ అనే రాతి గుట్ట మీదనే. నాటి మేస్త్రీలకు భూగర్భ పటాలు లేకపోయినా రాయి విలువ తెలుసునన్నమాట.

ఈ గుట్టకు రెండు పక్కలా నేలలోకి దిగితే పరిస్థితి ఎంత వేగంగా మారుతుందో కేంద్ర భూగర్భ జలమండలి తవ్వించిన బోర్లు తెలియజేస్తున్నాయి. రిడ్జ్‌కు తూర్పున, యమున ఒడ్డు వరకు ఒండ్రు మందం సుమారు 165 మీటర్ల దాకా ఉంది. యమునకు ఆవల షాదరా పరిసరాల్లో అది 48 మీటర్ల నుంచి 240 మీటర్ల వరకు మారుతున్నది. గుట్టకు పడమరగా వెళ్లేకొద్దీ రాయి ఇంకా లోతుకు పోతుంది. నజఫ్‌గఢ్, కంఝావలా, అలీపూర్ బ్లాకుల్లో అధిక భాగంలో 300 మీటర్లు తవ్వినా మట్టే. అంటే కుతుబ్ మీనార్‌ను నాలుగింటిని ఒకదానిపై ఒకటి నిలబెట్టి పాతిపెట్టినా కొస కనబడదు.

దక్షిణాన ఛత్తర్‌పూర్ వద్ద మరో విచిత్రం ఉంది. చుట్టూ రాతి గుట్టలు, నడుమ మట్టితో నిండిన గిన్నె వంటి పల్లం. అంచుల వద్ద కొద్ది మీటర్లే ఉన్న మట్టి సత్‌బరీ సమీపానికి వచ్చేసరికి 115 మీటర్ల మందానికి చేరుతుంది. పైనుంచి చూసేవారికి అంతా ఒకే చదును నేలగా కనిపిస్తుంది.

రిడ్జ్ వజీరాబాద్ దగ్గర కంటికి కనుమరుగు కావడం నిజమే కాని అక్కడితో అంతం కాలేదు. ఒండ్రు కింద దాగి ఈశాన్యంగా హరిద్వార్ దిశలో సాగిపోతుందని భూభౌతిక సర్వేలు తేల్చాయి. ఢిల్లీ-హరిద్వార్ శిలాశ్రేణి అని దానికి పేరు. రాజధాని పరిసరాల భూకంపాలను చర్చించే ప్రతి నివేదికలోనూ ఈ శిలాశ్రేణి, సోహ్నా, మధుర, మహేంద్రగఢ్-డెహ్రాడూన్ పగుళ్లు ప్రస్తావనకు వస్తుంటాయి.

మంచు నూరిన పిండి

ఇంత మట్టి ఎక్కడిది? ఢిల్లీ ఇసుకను అరచేతిలో పోసుకుని ఎండలో చూస్తే కొంత జవాబు దొరుకుతుంది. యమున దాపున తీసిన బూడిదరంగు ఇసుకలో అభ్రకం రేకులు తళుక్కుమంటాయి. ఆరావళి క్వార్ట్జైట్ అరిగితే ఇటువంటి అభ్రకపు ఇసుక రాదు. అది హిమాలయాల సొత్తు. బందర్‌పుంఛ్ శిఖరాల కింద యమునోత్రి హిమానీనదం వద్ద పుట్టే యమున, దాని ఉపనది టోన్స్ ఈ సరుకును లక్షల సంవత్సరాలుగా మైదానానికి మోసుకువస్తున్నాయి.

హిమానీనదం అంటే కదిలే మంచుగడ్డ. అది తన బరువుతో కొండరాతిని గీరుతూ, నూరుతూ కిందకు జారుతుంది. పెద్ద బండలను అక్కడే వదలి, నూరిన పిండిని కరిగిన నీటితో కిందకు పంపుతుంది. కొండచరియలు, వర్షపు కోత దానికి తోడవుతాయి. హిమానీనదం ఏనాడూ ఢిల్లీ దాకా రాలేదు. చికాగో, టొరంటో వంటి నగరాల అడుగున మంచుగడ్డ స్వయంగా తెచ్చి పడేసిన మట్టి ఉంటే, ఢిల్లీ అడుగున ఉన్నది మంచూ, వానా కలిసి అరగదీయగా నది మోసుకువచ్చిన మట్టి. ఈ భేదం ముఖ్యమైనది. మంచుగడ్డ బరువు కింద నలిగిన మట్టి గట్టిపడుతుంది. నది పరచిన ఇసుక వదులుగా, నీటితో నిండి ఉంటుంది.

మంచుగడ్డ స్వయంగా వదలిన మట్టి మన దేశపు మైదానాల్లో లేకపోలేదు. ఒరిస్సాలోని తాల్చేరు వద్ద 1856లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన బ్లాన్‌ఫోర్డ్ సోదరులు మెత్తని మట్టిలో చెదురుమదురుగా ఉన్న పెద్ద బండలను చూసి, వాటిని అక్కడకు చేర్చింది మంచేనని తేల్చారు. అంత వేడి దేశంలో మంచు మాట నాటి శాస్త్రలోకానికి మింగుడుపడలేదు. 1870 దశకంలో ఆదిలాబాద్ సరిహద్దున ప్రవహించే పెన్‌గంగ లోయలో, చంద్రాపూర్ వైపు ఇరాయ్ వద్ద మంచుగడ్డ గీసిన చారలతో నున్నగా అరిగిన రాతి పరుపు బయటపడిన తరువాత సందేహాలు తగ్గాయి. ఆ మంచు సుమారు 30 కోట్ల ఏళ్ల నాటిది. గోదావరి లోయలో సింగరేణి బొగ్గు పొరలకు అడుగున ఉన్నవి ఈ తాల్చేరు శిలలే. అక్కడ పొరల పటం గీసినవారికి బొగ్గు దొరికింది. ఢిల్లీలో పటం గీయడం వల్ల దొరికే లాభం అటువంటిది కాదు. జరగబోయే నష్టం ఎంతో ముందుగా తెలియడమే ఇక్కడి లాభం.

చోటు మార్చిన నది

యమున ఎల్లకాలం ఇప్పటి దారినే ప్రవహించలేదు. పాకిస్తాన్‌లోని థార్ ఎడారి అంచున, ఎండిన ఘగ్గర్-హక్రా ప్రవాహ మార్గంలో తీసిన ఇసుక నుంచి జిర్కాన్ అనే ఖనిజపు రేణువులను వేరుచేసి, వాటి వయస్సును లెక్కకట్టిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం 2012లో ఆసక్తికరమైన నిర్ణయానికి వచ్చింది. యమున ఒకప్పుడు పడమరగా సింధు వైపు ప్రవహించిందనీ, సుమారు 49 వేల సంవత్సరాల క్రితమే ఆ దారి విడిచి తూర్పుకు మళ్లి ఉండవచ్చుననీ ఆ బృందం పేర్కొన్నది. నది దిక్కు మార్చడం ఒక్కసారిగా జరిగే పని కాదు. మారిన ప్రతిసారీ పాత దారి ఇసుకతో పూడి, ఆపై వరదమట్టి కప్పుకుని, కాలక్రమాన పొలమై, పేటగా మారుతుంది.

ఢిల్లీ రైతులు ఈ తేడాను ఏనాడో గుర్తించి పేర్లు పెట్టారు. నది ఒడ్డున ఏటా వరద తడిపే కొత్త మట్టి ‘ఖాదర్’. వరద అందని ఎత్తయిన పాత మట్టి ‘బాంగర్’. ఖాదర్ బూడిదరంగు ఇసుక. బాంగర్ పసుపు, గోధుమ రంగుల బంకమట్టి, అందులో సున్నపు గడ్డలు. భూగర్భ శాస్త్రజ్ఞులు కొత్త ఒండ్రు, పాత ఒండ్రు అని ఈనాడు పటాల్లో రెండు రంగులు వేస్తున్నది రైతుల ఈ విభజనకే. షాజహానాబాద్ కట్టిన కాలంలో ఎర్రకోట గోడల కిందనే నది పారేది. తరువాత తూర్పుకు జరిగింది. 2023 జూలై 13న యమున నీటిమట్టం పాత రైలు వంతెన వద్ద 208.66 మీటర్లకు చేరి 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటినప్పుడు, వరదనీరు రింగురోడ్డును ముంచి మళ్లీ ఎర్రకోట గోడల దాకా వచ్చింది. భూగర్భ పటం మీద కొత్త ఒండ్రు రంగు వేసిన చోటనే ఆ నీరు నిలిచింది.

సుత్తి దెబ్బల లెక్క

కంటికి కనబడని పొరలకు పటం గీయడం ఎలా? అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి బోరు వేయడం. అయితే బోరుతో మట్టిని పైకి తీసి రంగు రాసుకుంటే సరిపోదు. 63.5 కిలోల బరువున్న సుత్తిని సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడిచి, అడుగున ఉన్న గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో లెక్కిస్తారు. పది దెబ్బల లోపే దిగితే అది వదులు మట్టి. యాభై దాటినా దిగకపోతే గట్టి పొర. ఒకటిన్నర మీటరు లోతుకొకసారి ఈ లెక్క తీస్తారు. ప్రపంచవ్యాప్తంగా ఇంజనీర్లు నమ్ముకున్న ఈ మోటు పద్ధతికి ఇప్పటికీ సరైన ప్రత్యామ్నాయం లేదు.

రెండవది తరంగాల పద్ధతి. నేలమీద ఇనుప పలకను పెట్టి సమ్మెటతో కొట్టి, వరుసగా అమర్చిన గ్రాహకాలకు ఆ కదలిక ఎంతసేపటికి అందిందో చూస్తారు. వదులు ఇసుకలో ఈ అడ్డ తరంగం సెకనుకు 200 మీటర్ల లోపు నడుస్తుంది. సెకనుకు 760 మీటర్లకు పైబడి నడిస్తే ఇంజనీర్లు ఆ పొరను రాయితో సమానంగా లెక్కిస్తారు. మూడవది విద్యుత్ నిరోధకతను కొలిచే పద్ధతి. భూమిలో నాలుగు కడ్డీలు పాతి విద్యుత్తును పంపి, పొరలు దానిని ఎంతగా అడ్డగిస్తున్నాయో లెక్కగడతారు. మంచినీటి ఇసుక విద్యుత్తును అడ్డుకుంటుంది. బంకమట్టి సులువుగా పోనిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే ఉప్పునీటి ఇసుక కూడా బంకమట్టి లాగే పోనిస్తుంది. పశ్చిమ ఢిల్లీలో ఉప్పునీరు ఎక్కువ. కాబట్టి ఏది బంకమట్టో, ఏది ఉప్పు ఇసుకో తేల్చడానికి మళ్లీ బోరే దిక్కు.

ఈ పద్ధతులన్నిటినీ ఉపయోగించి ఢిల్లీకి భూకంప సూక్ష్మ మండలాల పటం తయారైంది. మొదట 2000 దశకం మధ్యలో భారత వాతావరణ శాఖ ఆధ్వర్యాన 1:50,000 స్కేలుతో వచ్చింది. అంటే కిలోమీటరు నేలను రెండు సెంటీమీటర్లలో చూపించే పటం. జిల్లా యంత్రాంగానికి అది చాలుతుంది గాని ఇల్లు కట్టుకునేవాడికి చాలదు. 2016లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 1:10,000 స్కేలు నివేదికను విడుదల చేసింది. కిలోమీటరుకు పది సెంటీమీటర్లు. ఇందులో వీధుల గుంపులు గుర్తుపట్టవచ్చు. రిడ్జ్ ప్రాంతం తక్కువ ముప్పు గలదిగా, యమున వరద మైదానం, నదికి ఆవలి తూర్పు పేటలు అధిక ముప్పు గలవిగా తేలాయి.

దూరపు భూకంపం, దగ్గరి ముప్పు

2002లో సవరించిన దేశ భూకంప పటంలో ఢిల్లీని నాలుగవ మండలంలో చేర్చారు. నగరం చూసిన భూకంపాలు తక్కువేమీ కావు. 1720లో పాత ఢిల్లీ గోడలు కూలాయి. 1803లో గఢ్వాల్ కొండల్లో వచ్చిన భారీ భూకంపానికి కుతుబ్ మీనార్ పైనున్న గుమ్మటం పడిపోయింది. 1956లో బులంద్‌షహర్ వద్ద, 1960లో గుర్‌గావ్ వద్ద వచ్చినవి పెద్దల జ్ఞాపకాల్లో మిగిలాయి. అయితే శాస్త్రజ్ఞులు ఎక్కువగా భయపడుతున్నది ఢిల్లీ కింద పుట్టే భూకంపానికి కాదు. రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో హిమాలయాల్లో రాగల మహా భూకంపానికి.

దూరం రక్షించదా అంటే మెక్సికో నగరం అనుభవం చూడాలి. 1985 సెప్టెంబర్ 19న పసిఫిక్ తీరంలో పుట్టిన భూకంపం 350 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, పూడిపోయిన పాత సరస్సు మీద కట్టిన ఆ నగరంలో వేలాది మందిని బలిగొన్నది. సరస్సు అడుగున ఉన్న మెత్తని బంకమన్ను రెండు సెకన్లకొకసారి ఊగే తరంగాలను పట్టి పెంచింది. ఆ లయకు దగ్గరగా ఊగే ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాలు అధికంగా కూలాయి. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఎంత ఎత్తుకు లేస్తుందో, ఇదీ అంతే. 2001 జనవరి 26న కచ్ భూకంపంలో రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు కూలి వందలాది మంది మరణించారు. వాటిలో పలు భవనాలు సబర్మతి ఒండ్రు మీద ఉన్నాయి. ఢిల్లీకి సైతం ఒక హెచ్చరిక అందింది. 1999 మార్చి 29న సుమారు 280 కిలోమీటర్ల దూరంలోని చమోలీలో వచ్చిన భూకంపానికి యమునకు ఆవల పట్‌పర్‌గంజ్ ప్రాంతంలో కొన్ని అపార్ట్‌మెంట్లు బీటలు వారాయి.

భవనం ఎన్ని అంతస్తులో దాని ఊపు సుమారుగా అన్ని పదో వంతుల సెకన్లని ఇంజనీర్ల మోటు లెక్క. పది అంతస్తుల భవనం ఒక సెకనుకొకసారి ఊగుతుంది. మట్టి మందం పెరిగేకొద్దీ దాని ఊపు కూడా నిదానమవుతుంది. కనుక రాయి లోతుగా ఉన్న పశ్చిమాన, యమునకు ఆవల ఎత్తయిన భవనాలకూ, రాయి పైపైనే ఉన్న చోట్ల రెండు మూడంతస్తుల ఇళ్లకూ ముప్పు వేర్వేరు రకాలుగా ఉంటుంది. ఏ పేటలో ఎన్ని అంతస్తులు కట్టవచ్చునో చెప్పగలది అడుగున ఉన్న పటమే తప్ప, పైనున్న భూమి ధర కాదు.

యమున ఒడ్డున మరో ముప్పు ఉంది. నీటితో నిండిన వదులు ఇసుకను గట్టిగా కుదిపితే రేణువులు ఒకదానినొకటి విడిచి నీటిలో తేలుతాయి. గట్టి నేల కొద్ది క్షణాలు జావగా మారిపోతుంది. 1934 జనవరి 15 నాటి బీహార్ భూకంపంలో ఉత్తర బీహార్ మైదానమంతటా భూమి చీలి ఇసుక, నీరు ఎగజిమ్మాయి. 1964లో జపాన్‌లోని నీగతాలో అపార్ట్‌మెంట్లు విరగకుండా అలాగే పక్కకు ఒరిగి పడుకున్నాయి. లోపలి గోడలకు పగులు కూడా రాలేదు. పునాది కింది నేల మాత్రమే లేకుండా పోయింది.

లలితా పార్కు పాఠం

ఖాదర్ నేలలో ఇల్లు కూలడానికి భూకంపమే రానక్కరలేదు. 2010 నవంబర్ 15 రాత్రి యమునకు ఆవల లక్ష్మీనగర్‌లోని లలితా పార్కులో అయిదంతస్తుల భవనం పేకమేడలా కుప్పకూలింది. 65 మందికి పైగా మరణించారు. వారిలో చాలామంది బీహార్, బెంగాల్ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చి ఇరుకు గదుల్లో అద్దెకున్న కూలీలు. అంతకు రెండు నెలల ముందు యమునకు వరద వచ్చింది. నది పొంగి ఇంటిలోకి రాలేదు గాని ఇసుక పొరల గుండా ఊరి భవనం అడుగున గదిలో నిలిచింది. అనుమతి లేకుండా పెంచిన అంతస్తుల బరువు, నానిన పునాది కలిసి ఆ ఘోరానికి దారితీశాయి.

ఆ పేటకు పటం లేక కాదు. 1:50,000 పటం అప్పటికే ఉంది. కాని ఆ గదులకు అద్దె కట్టినవారికి గాని, అంతస్తుపై అంతస్తు లేపినవారికి గాని అటువంటి పటం ఒకటి ఉన్నదనే సంగతి చేరే మార్గం లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం 1,731 అనధికార కాలనీల నివాసులకు యాజమాన్య హక్కులు ప్రకటించింది. లక్షల కుటుంబాలకు అది ఊరట. అయితే హక్కు పత్రం మీద స్థలం విస్తీర్ణం ఉంటుంది, హద్దులు ఉంటాయి. కింద ఉన్నది ఖాదరో, బాంగరో ఉండదు. పాత భవనాల పటుత్వ పరీక్షలు జరిపించాలని ఢిల్లీ హైకోర్టు స్థానిక సంస్థలను పలుమార్లు ఆదేశించింది.

కుంగుతున్న కాపస్‌హేరా

పటం ఒకసారి గీసి అలమారలో పెట్టుకునేది కాదని తెలిపే ఉదంతం విమానాశ్రయం పక్కనే ఉంది. ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-1 ఉపగ్రహం 2014 నుంచి పంపిన రాడార్ చిత్రాలను ఐఐటీ బొంబాయి, జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా సంస్థల శాస్త్రజ్ఞులు పోల్చి చూసి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఇందిరాగాంధీ విమానాశ్రయానికి సుమారు 800 మీటర్ల దూరంలోని కాపస్‌హేరా 2014-16 మధ్య ఏడాదికి 11 సెంటీమీటర్ల చొప్పున, 2018-19 నాటికి ఏడాదికి 17 సెంటీమీటర్లకు పైగా కుంగుతున్నట్లు తేలింది. జానెడు కన్న కొంచెం తక్కువ. రాజధాని ప్రాంతంలో సుమారు 100 చదరపు కిలోమీటర్లకు ఈ కుంగుబాటు వల్ల అధిక ముప్పు ఉన్నదని వారు లెక్కగట్టారు.

కారణం భూగర్భజలాన్ని మితిమీరి తోడడమే. ఇసుక, బంకమన్ను పొరలు ఒకదానిపై ఒకటి ఉన్నచోట నీరు వాటి బరువులో కొంత మోస్తూ ఉంటుంది. బోర్లతో నీటిని లాగేస్తే ఆ బరువంతా మట్టి రేణువుల మీద పడుతుంది. ఇసుక కొద్దిగా నొక్కుకుని, నీరు తిరిగి వస్తే చాలావరకు కోలుకుంటుంది. బంకమన్ను మాత్రం ఒకసారి అణగితే మళ్లీ పూర్వపు మందానికి రాదు. అంటే నీటితోపాటు నీటిని నిలవచేసే చోటు కూడా శాశ్వతంగా పోతుంది. నైరుతి ఢిల్లీలో పాత ఒండ్రు, అందులో బంకమన్ను పొరలు ఎక్కువ. ఎక్కడ కుంగుతుందో ముందే చెప్పగల సమాచారం బోర్ల రికార్డుల్లోనే ఉన్నదన్నమాట.

అదే అధ్యయనంలో ద్వారకా ఉపనగరం కథ కాస్త ఆశాజనకంగా ఉంది. 2014లో ఏడాదికి 3.5 సెంటీమీటర్లు కుంగిన ఆ ప్రాంతం 2018-19 నాటికి కుంగడం మాని ఏడాదికి 1.2 సెంటీమీటర్లు పైకి లేచింది. గృహ సముదాయాల్లో బోర్లపై ఆంక్షలు, వాననీటి ఇంకుడు ఏర్పాట్లు దీనికి తోడ్పడ్డాయని శాస్త్రజ్ఞులు అభిప్రాయపడ్డారు. ద్వారకాకూ కాపస్‌హేరాకూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే.

ఢిల్లీ రాష్ట్రం మొత్తంమీద 2017 అంచనా ప్రకారం ఏటా భూమిలోకి చేరే వినియోగయోగ్యమైన నీటిలో 120 శాతం వరకు తోడేశారు. 2023 నాటికి అది 99 శాతానికి తగ్గింది. తగ్గిందని సంతోషించవచ్చు గాని, వచ్చినదంతా ఖర్చు చేస్తున్న ఇంటిని పొదుపరి ఇల్లు అనలేము. పైగా నీరు సమానంగా లేదు. పడమట, వాయవ్య దిశన కొన్నిచోట్ల 25, 30 మీటర్లు దాటగానే ఉప్పునీరు మొదలవుతుంది. మంచినీరు దానిపై పలుచని పొరగా తేలుతుంటుంది. మోటారు కాస్త లోతుకు దించితే ఉప్పునీరే పైకి వస్తుంది.

హైదరాబాద్ పాత్ర

దేశమంతటా నీటి పొరలకు పటాలు గీసే జాతీయ కార్యక్రమాన్ని కేంద్ర భూగర్భ జలమండలి 2012లో ఆరంభించి 2023 నాటికి సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు పూర్తిచేసింది. ఇందులో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ పాత్ర గణనీయమైనది. హెలికాప్టర్‌కు పెద్ద తీగచుట్టను వేలాడదీసి, భూమిలోకి విద్యుదయస్కాంత స్పందనలు పంపి, తిరిగి వచ్చే సంకేతాలతో పొరలను గుర్తించే పద్ధతిని ఈ సంస్థ చేపట్టింది. ఈ విధంగానే ప్రయాగ వద్ద గంగా యమునల నడుమ 45 కిలోమీటర్ల పొడవున పూడిపోయిన ఒక పాత నదిని కనుగొన్నట్లు 2021లో ప్రకటించింది. బోర్లతో ఏళ్ల తరబడి పట్టే పని రోజుల్లో ముగిసింది.

ఢిల్లీ నగరం నడిబొడ్డున మాత్రం ఈ హెలికాప్టర్ పనిచేయదు. నిషేధిత గగనతలం సంగతి అటుంచి, విద్యుత్ తీగలు, ఇనుప గొట్టాలు, మెట్రో పట్టాలు సంకేతాలను చెడగొడతాయి. అందువల్ల నగరంలో శాస్త్రజ్ఞులు మరో పద్ధతికి మొగ్గుతున్నారు. లారీలు, రైళ్లు, కర్మాగారాలు రాత్రింబవళ్లు నేలను సన్నగా అదిలిస్తూనే ఉంటాయి. సున్నితమైన యంత్రంతో ఆ అదురును అరగంట సేపు నమోదు చేస్తే చాలు, ఆ చోట మట్టి ఏ లయలో ఊగుతుందో తెలుస్తుంది. దానినుంచి మట్టి మందం లెక్కకట్టవచ్చు. సమ్మెట అక్కరలేదు, బోరు అక్కరలేదు.

అసలైన గని వేరే ఉంది. 1998లో పనులు మొదలైన నాటి నుంచి మెట్రో రైలు మార్గం పొడవునా ప్రతి స్తంభానికీ, ప్రతి సొరంగానికీ ముందుగా బోర్లు వేశారు. జామా మసీదు గుట్టకు దాపున చావ్డీ బజార్ స్టేషన్‌ను సుమారు 25 మీటర్ల లోతున నిర్మించారు. ఫ్లైఓవర్లకు, ఆసుపత్రులకు, మాల్స్‌కు, గురుగ్రామ్, నోయిడాల్లోని ఆకాశహర్మ్యాలకు మట్టి పరీక్షలు జరిగాయి. సుత్తి దెబ్బల లెక్కలతో కూడిన ఆ కాగితాలు ఎక్కువగా ఆయా కాంట్రాక్టు ఫైళ్లలోనే ఉండిపోతాయి. పైగా 1:10,000 పటం ఢిల్లీ రాష్ట్రం సరిహద్దు వద్ద ఆగిపోతుంది. యమున ఒండ్రు ఆగదు. అది ఒకవైపు నోయిడా, ఘాజియాబాద్‌ల కిందకూ, మరోవైపు ఫరీదాబాద్ కిందకూ సాగిపోతుంది.

ఉత్తర కొసన పల్లా వద్ద మాత్రం పటాన్ని నమ్ముకుని ఒక పని జరుగుతున్నది. అక్కడి ఖాదర్ ఇసుకలో ఢిల్లీ జలమండలి గొట్టపు బావులు నగరానికి మంచినీరు అందిస్తున్నాయి. 2019లో ప్రయోగాత్మకంగా ఆ పరిసరాల్లో చెరువు తవ్వి వరదనీటిని నిలిపి ఇంకించారు. చుట్టూ గొట్టాలు దింపి నీటిమట్టాన్ని కొలిచారు. వానకాలంలో యమున పొంగినప్పుడు ఆ గుంట నిండుతుంది, నీరు కిందకు దిగుతుంది. ఎండాకాలంలో అదే నీటిని పంపులు పైకి తోడి నగరానికి పంపుతాయి.